బిజినెస్ డేటా అనలిటిక్స్: నాలుగు రకాల వెనక ఉన్న నాలుగు ప్రశ్నలు

సంక్షిప్తంగా

వ్యాపార సమాచార విశ్లేషణను సాధారణంగా నాలుగు రకాలుగా విడదీస్తారు. ఏం జరిగిందో చెప్పేది మొదటిది, ఎందుకు జరిగిందో వెతికేది రెండోది, ఇకపై ఏం జరగవచ్చో అంచనా కట్టేది మూడోది, ఏం చేయాలో సూచించేది నాలుగోది. వీటిని మెట్ల వరుసలా చూపించే బొమ్మలు బాగా ప్రచారంలో ఉన్నా, ఆచరణలో ఇవి వేర్వేరు ప్రశ్నలు. ఒక్కోదానికి కావలసిన సమాచారం వేరు, పద్ధతి వేరు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్నకు వాడుకున్న సంస్థలు పెద్ద మూల్యం చెల్లించాయి. అమెరికాలో ఇళ్లు కొని అమ్మబోయిన జిల్లో సంస్థ అనుభవమూ, బెర్తులు నిండేకొద్దీ పెరిగేలా భారతీయ రైల్వే ప్రవేశపెట్టిన ఫ్లెక్సీ ఛార్జీల అనుభవమూ ఇందుకు ఉదాహరణలు.

హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులను వరుసగా చదివితే ఈ విషయంలో అయోమయం ఎక్కడ మొదలవుతుందో అర్థమవుతుంది. డేటా అనలిటిక్స్, బిజినెస్ అనలిటిక్స్, బిజినెస్ ఇంటెలిజెన్స్, డేటా సైన్స్ అని పేర్లు రకరకాలుగా ఉంటాయి. లోపల చెప్పే పాఠాలు మాత్రం చాలావరకు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్ చుట్టూనే తిరుగుతాయి. ఇలా సాఫ్ట్‌వేర్ పేరుతో విషయాన్ని గుర్తుపెట్టుకున్న విద్యార్థికి ఉద్యోగంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఈ నెల అమ్మకాలు ఎందుకు తగ్గాయి?" అన్నట్టుగా ఉంటుంది. తగ్గాయన్న సంగతి ముఖ్యమైన అంకెలను ఒకే తెరపై చూపే డాష్‌బోర్డు చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. అందువల్ల అనలిటిక్స్‌ను సాధనాల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా చూడటం మేలు.

చిట్టా, ఆవర్జాల నుంచి డేటాబేస్ వరకు

వ్యాపారులు లెక్కలు చూసుకోవడం కొత్త సంగతి కాదు. రోజువారీ పద్దులను చిట్టాలో రాసి, ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించి, ఏడాది చివర లాభనష్టాలు తేల్చుకునే అలవాటు తెలుగునాట తరతరాలుగా ఉంది. గణాంక శాస్త్రాన్ని వ్యాపార నిర్ణయాలకు వాడటం కూడా కంప్యూటర్ల కంటే పాతదే. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్, కొద్దిపాటి నమూనాల (శాంపిళ్ల) నుంచి ఎంతవరకు నమ్మకంగా నిర్ణయం తీసుకోవచ్చో తేల్చే పద్ధతిని 1908లో "స్టూడెంట్" అనే కలం పేరుతో ప్రచురించాడు. నేటికీ ప్రతి గణాంక పాఠ్యపుస్తకంలో ఉండే టీ-టెస్ట్‌కు అదే మూలం.

తర్వాతి కాలంలో మారింది లెక్క ఏ స్థాయి వివరంతో దొరుకుతుందన్నది. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా వల్ల పట్టికలను ఒకదానితో ఒకటి కలిపి ప్రశ్నలు అడిగే వీలు కలిగింది. 1974లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైన బార్‌కోడ్ స్కానింగ్, అమ్మిన ప్రతి వస్తువునూ విడివిడిగా నమోదు చేసింది. భారతదేశంలో 2016లో వచ్చిన యూపీఐ, 2017 జులైలో అమల్లోకి వచ్చిన జీఎస్టీ, సరుకు రవాణా కోసం 2018లో వచ్చిన ఈ-వే బిల్లు చిన్న వ్యాపారాలను కూడా ఈ దారిలోకి తెచ్చాయి. మునుపు రోజు మొత్తం అమ్మకం ఎంతో మాత్రమే తెలిసిన దుకాణంలో, ఇప్పుడు ఏ వస్తువు ఏ గంటకు ఎంతకు అమ్ముడైందో, ఎవరు ఏ రూపంలో చెల్లించారో పెద్దగా శ్రమ లేకుండానే నమోదవుతోంది.

వ్యాపారం నడిచే క్రమంలో పోగయ్యే ఈ సమాచారాన్ని శుభ్రం చేసి, ఒక నిర్ణయానికి పనికివచ్చేలా లెక్కగట్టడమే బిజినెస్ డేటా అనలిటిక్స్. ఈ నిర్వచనంలో నిర్ణయం అన్న మాట ముఖ్యం. ఏ నిర్ణయమూ ఆధారపడని నివేదిక ఎంత అందంగా ఉన్నా అది దస్తావేజు కిందికే వస్తుంది.

ఏం జరిగింది: డిస్క్రిప్టివ్ అనలిటిక్స్

జరిగినదాన్ని మొత్తాలుగా, సగటులుగా, శాతాలుగా, గ్రాఫులుగా చూపించడం డిస్క్రిప్టివ్ అనలిటిక్స్. నెలవారీ అమ్మకాల నివేదికలు, బ్రాంచీల పోలికలు, డాష్‌బోర్డులు అన్నీ దీని కిందికే వస్తాయి. నాలుగింటిలో ఇది సులువైనదని అందరూ అంటారు కానీ ఆ మాట నిజం కాదు. మిగిలిన మూడింటిలో కనిపించే పొరపాట్లలో చాలా భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి, దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

ఒక జిల్లా కేంద్రంలో నడిచే మూడు శాఖల కిరాణా సూపర్‌మార్కెట్‌ను ఊహించుకుందాం. సోనా మసూరి బియ్యం 25 కిలోల బస్తాలు మొదటి వారం 60, రెండో వారం 58, మూడో వారం 21, నాలుగో వారం 63 అమ్ముడయ్యాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే నివేదికలో మూడో వారం గిరాకీ పడిపోయినట్టు కనిపిస్తుంది. గోడౌన్ రిజిస్టరుతో కలిపి చూస్తే ఆ వారం మంగళవారం సాయంత్రానికే సరుకు అయిపోయి, శనివారం దాకా కొత్త లోడు రాలేదని తేలుతుంది. అంటే 21 అనేది జనం అడిగిన బస్తాల సంఖ్య కాదు, దుకాణంలో దొరికిన బస్తాల సంఖ్య. లేని సరుకును అడిగి వెనక్కి వెళ్లిన మనిషికి బిల్లు పడదు కాబట్టి, ఆ గిరాకీ ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. అమ్మకాల సగటునే గిరాకీగా భావించి వచ్చే నెలకు సరుకు ఆర్డరు పెడితే అది నిజమైన అవసరం కంటే తగ్గుతుంది, సరుకు మళ్లీ అయిపోతుంది, నివేదికలో గిరాకీ ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది. లెక్కలో ఎక్కడా కూడికల తప్పు లేకుండానే దుకాణం తన గిరాకీని తానే తగ్గించుకుంటూ పోతుంది.

రెండో చిక్కు ఒకే వస్తువు పలు రూపాల్లో నమోదు కావడం. ఒక శాఖలో "కందిపప్పు 1 కేజీ" అని, మరో శాఖలో "తూర్ దాల్ 1000 గ్రా" అని, ఇంకో శాఖలో ఒట్టి "పప్పు లూజు" అని ఎక్కిస్తే మూడు శాఖల కందిపప్పు మొత్తం అమ్మకం ఏ నివేదికలోనూ సరిగా రాదు. మూడోది నిర్వచనాల తేడా. వెనక్కి వచ్చిన సరుకును అమ్మకాల్లోంచి తీసేయాలా వద్దా, అరువు బిల్లును అమ్మిన తేదీన లెక్కించాలా వసూలైన తేదీన లెక్కించాలా అన్నది ముందే రాసి పెట్టుకోకపోతే, ఒకే నెలకు అకౌంటెంట్ ఒక అంకె, మేనేజరు మరో అంకె చెబుతారు. విశ్లేషణ విభాగాల్లో పనిచేసేవారి సమయంలో పెద్ద వాటా ఇలాంటి శుభ్రం చేసే పనికే పోతుంది. కోర్సుల ప్రకటనల్లో ఆ పని ప్రస్తావన అరుదు, ఉద్యోగంలో మాత్రం మొదట అప్పగించేది అదే.

ఎందుకు జరిగింది: డయాగ్నస్టిక్ అనలిటిక్స్

కారణాన్ని వెతికే విశ్లేషణకు మొదటి మెట్టు మొత్తాన్ని ముక్కలు చేసి చూడటం. ప్రాంతం, వస్తువు, వారం, కస్టమర్ల తరగతి అని విడదీస్తూ పోతే మార్పు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. ముక్కలు చేయకుండా మొత్తాలనే పోల్చితే నిర్ణయం పూర్తిగా తలకిందులు కావచ్చు.

రుణాలిచ్చే ఒక సంస్థకు రెండు బ్రాంచీలు ఉన్నాయనీ, ఒక్కోటి వెయ్యి రుణాలు ఇచ్చిందనీ అనుకుందాం. మొదటి బ్రాంచి ఇచ్చిన 100 బంగారు రుణాల్లో 95, 900 వ్యక్తిగత రుణాల్లో 630 గడువులోగా వసూలయ్యాయి. రెండో బ్రాంచి ఇచ్చిన 900 బంగారు రుణాల్లో 828, 100 వ్యక్తిగత రుణాల్లో 60 వసూలయ్యాయి. మొత్తంగా చూస్తే మొదటి బ్రాంచి వసూళ్లు 72.5 శాతం, రెండోది 88.8 శాతం. ఈ అంకెలు మాత్రమే చూసిన పైఅధికారి మొదటి బ్రాంచి మేనేజరును మందలిస్తాడు. విడదీసి చూస్తే బంగారు రుణాల్లో మొదటి బ్రాంచి 95 శాతం, రెండోది 92 శాతం. వ్యక్తిగత రుణాల్లో మొదటిది 70 శాతం, రెండోది 60 శాతం. రెండు రకాల్లోనూ మొదటి బ్రాంచే మెరుగు. తాకట్టు లేని రుణాలు ఎక్కువగా ఇవ్వడం వల్లే దాని మొత్తం శాతం తగ్గింది. గణాంక శాస్త్రంలో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు.

అయితే ఎంత విడదీసినా, రెండు విషయాలు కలిసి మారాయని మాత్రమే తెలుస్తుంది, ఒకటి రెండోదానికి కారణమని తేలదు. సంక్రాంతికి ముందు బట్టల షాపుల ప్రకటనల ఖర్చు పెరుగుతుంది, చీరల అమ్మకాలూ పెరుగుతాయి. ప్రకటనల వల్లే అమ్మకాలు పెరిగాయని ఈ రెండు గీతల పోలిక నుంచి చెప్పలేము, ఎందుకంటే రెండింటినీ పెంచింది పండగ. కారణాన్ని గట్టిగా తేల్చాలంటే ప్రయోగం కావాలి. ఒకే రకమైన ఊళ్లను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, ఒక గుంపులో ప్రకటన వేసి, రెండోదానిలో వేయకుండా, అదే పండగ వారంలో రెండింటి అమ్మకాలనూ పోల్చాలి. ఇంటర్నెట్ సంస్థలు ఏ/బీ టెస్టింగ్ పేరుతో చేసేది ఇదే. మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజన్ బింగ్‌లో ప్రకటనల శీర్షిక చూపించే తీరును మార్చాలని ఒక ఉద్యోగి చేసిన సూచన, పెద్దగా ప్రయోజనం లేదన్న అభిప్రాయంతో ఆరు నెలలకు పైగా పక్కనే పడి ఉంది. 2012లో దాన్ని ఏ/బీ టెస్ట్‌కు పెడితే ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే ఆ మార్పు విలువ ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైమాట. అనుభవజ్ఞుల ఊహ కూడా ఎంత తప్పగలదో చెప్పడానికి ఈ ప్రయోగాన్ని తరచూ ఉదహరిస్తారు.

ఇకపై ఏం జరగవచ్చు: ప్రిడిక్టివ్ అనలిటిక్స్

గతంలో నమోదైన ఉదాహరణల్లోని పోలికలను పట్టుకుని, ఇంకా జరగని విషయానికి ఒక సంఖ్యనో సంభావ్యతనో ఇవ్వడం ప్రిడిక్టివ్ అనలిటిక్స్. ఇందులో అందరికీ పరిచయమైనది క్రెడిట్ స్కోరు. 1956లో ఇంజనీర్ బిల్ ఫెయిర్, గణిత శాస్త్రవేత్త ఎర్ల్ ఐజాక్ అమెరికాలో స్థాపించిన సంస్థే తర్వాత ఇలాంటి స్కోర్లకు ఫైకో పేరుతో ప్రసిద్ధమైంది. భారత్‌లో 2000లో ఏర్పడిన సిబిల్ 300 నుంచి 900 వరకు స్కోరు ఇస్తుంది. పాత రుణాల చెల్లింపు తీరు, వాడుకున్న పరిమితి, కొత్త దరఖాస్తుల సంఖ్య వంటి వాటి ఆధారంగా, ఇలాంటి చరిత్ర ఉన్నవారిలో ఎంతమంది వాయిదాలు ఎగ్గొట్టే అవకాశం ఉందో ఆ స్కోరు సూచిస్తుంది. ఒక వ్యక్తి ఎగ్గొడతాడని అది చెప్పదు. ఈ తేడాను మరిచిపోయి స్కోరును మనిషి గుణానికి కొలమానంగా తీసుకోవడం సర్వసాధారణమైపోయింది.

అంచనా నమూనాను (మోడల్‌ను) పరీక్షించే పద్ధతి సూటిగానే ఉంటుంది. పాత సమాచారంలో కొంత భాగంతో నమూనాను తయారుచేసి, దానికి చూపించకుండా దాచిన మిగతా భాగంపై ఎంత సరిగా చెబుతుందో చూస్తారు. తయారీకి వాడిన సమాచారంపైనే పరీక్షిస్తే, ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి వచ్చే మార్కుల్లా ఫలితం ఉబ్బి కనిపిస్తుంది. ఎంత మంచి పద్ధతి వాడినా, ఉన్న సమాచారం నుంచి రాబట్టగల కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుంది. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన పత్రం ఆ హద్దును గణితపరంగా నిరూపించింది. క్రేమర్-రావు హద్దు పేరుతో అది ప్రపంచవ్యాప్తంగా పాఠ్యాంశమైంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారం దక్కింది.

గణితపు హద్దుతో పాటు మరో హద్దు వ్యాపారానిది. నమూనా ఏ ప్రశ్నకు తయారైందో ఆ ప్రశ్నకే వాడాలి. అమెరికా రియల్ ఎస్టేట్ సంస్థ జిల్లో 2006 నుంచి ఇళ్ల విలువను అంచనా కట్టి తన వెబ్‌సైట్‌లో చూపిస్తోంది. 2018లో ఆ సంస్థ ఒక అడుగు ముందుకు వేసి, ఇళ్లను తానే కొని, చిన్నచిన్న మరమ్మతులు చేయించి, కొన్ని నెలల్లో అమ్మే వ్యాపారం మొదలుపెట్టింది. ఇంటి ప్రస్తుత విలువ చెప్పడం ఒక ప్రశ్న, కొన్ని నెలల తర్వాత ఆ ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుందన్నది వేరే ప్రశ్న. కోవిడ్ తర్వాత ధరలు వేగంగా మారుతున్న మార్కెట్‌లో ఈ రెండింటి మధ్య దూరం బాగా పెరిగింది. పైగా ఇలాంటి కొనుగోలులో ఒక సహజమైన వల ఉంది. కంపెనీ అంచనా అసలు ధర కంటే తక్కువగా ఉంటే యజమాని అమ్మడు, ఎక్కువగా ఉంటే సంతోషంగా అమ్మేస్తాడు. కాబట్టి అంచనాలు సగటున సరిగ్గానే ఉన్నా, కంపెనీ చేతికి వచ్చే ఇళ్లలో ఎక్కువ ధర పెట్టి కొన్నవే అధికమవుతాయి. 2021 నవంబరులో జిల్లో ఆ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే ఒక్క మూడు నెలల కాలానికే ఇళ్ల నిల్వల విలువను 30 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి చూపాల్సి వచ్చింది, ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తొలగించాల్సి వచ్చింది.

ఏం చేయాలి: ప్రిస్క్రిప్టివ్ అనలిటిక్స్

అంచనాకు డబ్బు లెక్కను, పరిమితులను జోడించి, ఉన్న దారుల్లో ఏది మేలో తేల్చడం ప్రిస్క్రిప్టివ్ అనలిటిక్స్. దీనికి గణిత పునాది పరిమితులకు లోబడి మేలైన జవాబును వెతికేందుకు 1947లో గణిత శాస్త్రవేత్త జార్జ్ డాంట్జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతితో గట్టిపడింది. వ్యాపారంలో దీని శక్తిని మొదట పెద్ద ఎత్తున చూపించినవి విమానయాన సంస్థలు.

బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో చెప్పిన సూత్రం ఈ పద్ధతి సారాన్ని చూపిస్తుంది. ఒక విమానంలో ముందుగా కొనేవారికి టికెట్ 4,000 రూపాయలు, చివరి రోజుల్లో కొనేవారికి 10,000 రూపాయలు అనుకుందాం. ఒక సీటు మిగిలింది. ఇప్పుడే 4,000కు అమ్మితే ఆ డబ్బు ఖాయం. ఆపి ఉంచితే 10,000 రావచ్చు, సీటు ఖాళీగానూ పోవచ్చు. చివర్లో కొనే ప్రయాణికుడు వచ్చే అవకాశం 40 శాతానికి మించితే ఆపడం లాభం, అంతకు తగ్గితే అమ్మేయడం లాభం. ఆ 40 శాతం అనేది 4,000ను 10,000తో భాగిస్తే వచ్చినదే. అవకాశం ఎంతో చెప్పేది అంచనా నమూనా, హద్దు ఎంతో చెప్పేది ధరల నిష్పత్తి. రెండూ కలిస్తేనే నిర్ణయం తయారవుతుంది. ఈ ఆలోచనను వేల విమానాలకు, పదుల కొద్దీ ధరల తరగతులకు విస్తరించిన అమెరికన్ ఎయిర్‌లైన్స్, మూడేళ్లలో 140 కోట్ల డాలర్ల ప్రయోజనం కలిగిందని 1992లో లెక్క చెప్పింది.

పార్సిల్ సంస్థ యూపీఎస్ ఉదాహరణ వేరే తరహాది. 10 ఇళ్లకు సరుకు చేర్చాలంటే వాటిని తిరిగే వరుసలే 36,28,800 ఉంటాయి. నూటికి పైగా ఇళ్లు తిరిగే డ్రైవరు విషయంలో ఆ సంఖ్య ఊహకు అందదు. ఓరియన్ పేరుతో యూపీఎస్ ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన మార్గ నిర్ణయ వ్యవస్థ, అమెరికాలో పూర్తిగా అమలయ్యాక ఏడాదికి దాదాపు 10 కోట్ల మైళ్ల ప్రయాణాన్ని తగ్గిస్తుందని సంస్థ ప్రకటించింది. 2016లో దీనికి ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలకు గణితాన్ని వాడే శాస్త్రం) రంగంలో పేరున్న ఎడెల్‌మన్ బహుమతి దక్కింది. గణితం కంటే ముందు ఇక్కడా సమాచారం సరిగ్గా ఉండటమే అడ్డంకి అయింది. సరుకు దించాల్సిన ద్వారం ఎక్కడుందో, వాకిలి ఏ వైపు తెరుచుకుంటుందో తెలియని మ్యాపుపై ఎంత గొప్ప లెక్క కట్టినా డ్రైవరుకు పనికిరాదు.

నాలుగు ప్రశ్నలూ కలిసిన చోటు: రైల్వే ఫ్లెక్సీ ఛార్జీలు

విశాఖపట్నం–సికింద్రాబాద్ దురంతో వంటి రైళ్లలో ప్రయాణించేవారికి ఫ్లెక్సీ ఛార్జీలు పరిచయమే. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఈ పద్ధతి మొదలైంది. ప్రతి 10 శాతం బెర్తులు నిండగానే తర్వాతి బెర్తుల మూల ఛార్జీ 10 శాతం పెరుగుతూ, చాలా తరగతుల్లో ఒకటిన్నర రెట్ల వరకు వెళ్లింది. థర్డ్ ఏసీలో గరిష్ఠ పరిమితి 1.4 రెట్లు.

చూడటానికి ఇది విమానయాన సంస్థల పద్ధతిలాగే ఉంది. లోపల యంత్రాంగం మాత్రం వేరు. విమాన సంస్థ ప్రతి ప్రయాణానికీ గిరాకీని విడిగా అంచనా కట్టి, పండగ రోజుకు ఒకలా, మామూలు మంగళవారానికి మరొకలా సీట్లు కేటాయిస్తుంది, గిరాకీ లేనప్పుడు ధర తగ్గిస్తుంది. ఫ్లెక్సీ పద్ధతి ఏ రైలైనా, ఏ రుతువైనా ఒకే నిచ్చెనను వాడింది, ఆ నిచ్చెన పైకే వెళ్లింది. అంటే అంచనా లేకుండానే నిర్దేశం తయారైంది.

ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2018లో సమర్పించిన నివేదిక దీని ఫలితాలను లెక్కగట్టింది. పథకం మొదలైనప్పటి నుంచి 2017 జులై వరకు, అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోల్చితే, ఆదాయం సుమారు 550 కోట్ల రూపాయలు పెరిగింది, ప్రయాణికులు ఆరున్నర లక్షలకు పైగా తగ్గారు. అంతకుముందు ఒక శాతం లోపే ఖాళీగా ఉండే థర్డ్ ఏసీలో ఖాళీ బెర్తులు నాలుగు శాతం దాటాయి. ఏం జరిగిందన్న ప్రశ్నకు ఇది జవాబు. ఆదాయాన్ని మాత్రమే చూసిన డాష్‌బోర్డులో పథకం విజయవంతం. ఆదాయం పక్కనే ప్రయాణికుల సంఖ్యను కూడా పెట్టి చూస్తేనే రెండో కోణం బయటపడుతుంది.

ఎందుకన్నది వెతకడానికి కాగ్ అదే మార్గాల్లో నడిచే మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లతోనూ విమాన ఛార్జీలతోనూ పోల్చి చూసింది. ఫ్లెక్సీ వర్తించని రైళ్లు బాగానే నిండాయి, కొన్ని మార్గాల్లో విమాన టికెట్ రైలు కంటే చౌకగా దొరికింది. అంటే ప్రయాణాలు తగ్గలేదు, ప్రయాణికులు వేరే దారి చూసుకున్నారు. ఒకే మార్గంలో ఫ్లెక్సీ ఉన్న రైళ్లనూ లేని రైళ్లనూ పక్కపక్కన పెట్టడం నిజమైన ప్రయోగం కాకపోయినా, దానికి దగ్గరగా వచ్చే పోలిక. కారణ విశ్లేషణలో ఇలాంటి పోలికలకే విలువ ఎక్కువ.

2018 చివర్లో రైల్వే పథకాన్ని సవరించింది. ఏడాది పొడవునా సగం కూడా నిండని 15 రైళ్లలో దాన్ని పూర్తిగా ఎత్తేసింది, మరో 32 రైళ్లలో గిరాకీ తక్కువగా ఉండే నెలల్లో ఆపేసింది, గరిష్ఠ పరిమితిని 1.4 రెట్లకు తగ్గించింది. రైలును బట్టీ కాలాన్ని బట్టీ నియమం మారాలన్న అవగాహన అప్పుడు వచ్చింది. మొదటే కొన్ని మార్గాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేసి ఉంటే ఈ సంగతి రెండేళ్ల ముందే తెలిసేది. తెలంగాణ ఆర్టీసీ 2023లో, గిరాకీని బట్టి టికెట్ ధర మార్చే డైనమిక్ ప్రైసింగ్‌ను ముందుగా బెంగళూరు మార్గంలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడం ఈ విధంగా చూస్తే సరైన క్రమం.

మెట్ల బొమ్మ ఎంతవరకు నిజం

అనలిటిక్స్ పాఠాల్లో ఎక్కువగా కనిపించే బొమ్మలో నాలుగు రకాలు కింది నుంచి పైకి మెట్లలా ఉంటాయి. పైకి వెళ్లే కొద్దీ కష్టమూ విలువా పెరుగుతాయన్నది దాని సారాంశం. నేర్చుకునే క్రమానికి ఇది కొంతవరకు పనికొస్తుంది, పెట్టుబడి నిర్ణయానికి మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. సరుకు నిల్వల రికార్డు సరిగా లేని దుకాణానికి గిరాకీ అంచనా వేసే మెషీన్ లెర్నింగ్ నమూనా కంటే, ఖాళీ అయిన అరల జాబితాను రోజూ రాసే అలవాటు ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. మరోపక్క, కారణం తెలియకుండానే అంచనా బాగా పనిచేసే సందర్భాలూ ఉన్నాయి. మోసపూరిత కార్డు లావాదేవీని ఆపడానికి మోసగాడి ఉద్దేశం తెలియాల్సిన అవసరం లేదు. అదే ధర మార్చాలన్నా, ప్రకటన వేయాలన్నా, అంటే జరిగే తీరునే మార్చబోతున్నప్పుడు, కారణం తెలియని అంచనా నమ్మదగినది కాదు. ఏ రకం కావాలన్నది చేయబోయే పనిని బట్టి తేలుతుంది.

రాబోయే ప్రభావాలు

నిర్ణయాలు యంత్రాల చేతికి వెళ్లే కొద్దీ, ఆ నిర్ణయాలే రేపటి సమాచారాన్ని తయారు చేస్తాయి. నమూనా తిరస్కరించిన రుణ దరఖాస్తుదారు ఆ సంస్థలో అప్పు తీసుకోడు కాబట్టి, ఇచ్చి ఉంటే తీర్చేవాడా లేదా అన్నది ఆ సంస్థ రికార్డుల్లోకి ఎప్పటికీ రాదు. తదుపరి నమూనా, ఆమోదం పొందినవారి చరిత్ర నుంచే నేర్చుకుంటుంది. దీనివల్ల బ్యాంకు ఖాతా చరిత్ర తక్కువగా ఉన్న కౌలు రైతులు, చిరు వ్యాపారులు, తొలిసారి అప్పు కోరేవారు వరుసగా బయటే ఉండిపోయే ప్రమాదం ఉంది. కొన్ని సంస్థలు హద్దుకు దగ్గరగా ఉన్న దరఖాస్తుల్లో కొన్నింటిని కావాలనే ఆమోదించి, ఫలితాన్ని గమనిస్తాయి. అది ఖర్చుతో కూడిన పద్ధతే అయినా, లేని సమాచారాన్ని సంపాదించే నిజాయితీ గల మార్గాల్లో ఒకటి.

ఉద్యోగాల విషయంలో, నివేదికలు తయారు చేసే పనిలో కొంత భాగాన్ని సాఫ్ట్‌వేర్లే చేసేస్తున్నందున, ప్రశ్నను సరిగా పెట్టగలవారికీ, వచ్చిన అంకెను గోడౌన్ రిజిస్టరుతో సరిచూడగలవారికీ విలువ పెరుగుతుంది.

చట్టం వైపు నుంచి కూడా మార్పు వస్తోంది. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, చాలా సందర్భాల్లో వ్యక్తి సమ్మతి ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే సమాచారాన్ని వాడాలి. తీవ్రమైన ఉల్లంఘనలకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. దీనికి సంబంధించిన నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, సంస్థలపై పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. బిల్లు పంపడానికని తీసుకున్న ఫోన్ నంబరుతో కస్టమర్ కొనుగోళ్ల చరిత్రను కూర్చి, దానిపై అంచనా నమూనా కట్టే అలవాటు ఇప్పుడు చిన్నా పెద్దా దుకాణాల్లో మామూలైపోయింది. అలాంటి సంస్థలు తమ దగ్గరున్న ప్రతి సమాచార పట్టికకూ అది ఏ అవసరానికి, ఎవరి సమ్మతితో సేకరించినదో రాసుకోవాల్సి ఉంటుంది. ఆ వివరం లేని పాత పట్టికలను విశ్లేషణలో కొనసాగించాలా, తొలగించాలా అన్నది ఈ గడువులోగా తేల్చుకోవాలి.